కూసున్నోడు చదవాల

మొన్న ఆదివారం ఒకమ్మాయి దగ్గర నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. చిన్నప్పుడు మా లైబ్రరీలో బొమ్మల పుస్తకాలన్నీ నమిలేసిన పిల్ల. ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం. పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ళు తొక్కే గుంపులో మెంబరు కూడానట. "మేడం, సైకిళ్ళ మీద, సైకిల్ ప్రయాణాల మీద మంచి పుస్తకాలు ఒక పది చెప్పండి. మా గ్రూపులో పెడతాను" అని రాసింది.

ఇరవై రెండేళ్ళుగా లైబ్రేరియన్‌ని. పుస్తకాలు చెప్పమంటే నాకు పెళ్ళి సంబంధం చెప్పమన్నంత హుషారు. వెంటనే ఫోను తీసుకుని "ఒకటి" అని కొట్టాను. అక్కడ వేలు ఆగిపోయింది. కొట్టింది చెరిపేసి, "ఎవరికి? ఎందాక తొక్కుతారు?" అని పంపాను.

పిల్ల నాలుగు ప్రశ్నార్థకాలు తిరిగి పంపింది. దాని తప్పేం లేదు. ఆ ప్రశ్న నాది కాదు. మా పేటలో రైల్వే గేటుకి ఇవతల, రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేసిన ఒక మనిషిది. పోయిన వేసవిలో ఆయన పోయాడు. పేరు రాయను. రాస్తే "నా పేరెందుకమ్మాయ్, పని రాయి" అని కసురుకునే రకం. వీధి మొత్తానికీ ఆయన బాబాయ్. సాయిబుల పిల్లలకీ బాబాయే, ఆయనకన్నా పదేళ్ళు పెద్దయిన కిరాణా కొట్టు ముసలాయనకీ బాబాయే. నాకూ అంతే.

నేను నరసరావుపేట శాఖకి బదిలీ మీద వచ్చిన కొత్తల్లో కొన్ని పుస్తకాలు కిరసనాయిలు వాసన కొట్టేవి. చెదలకి ఎవరో మందు కొట్టి ఉంటారనుకున్నాను. ఒకరోజు ఒక కానిస్టేబులు కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రెండో బీరువా, కింది అర, నీలం అట్ట. దాంట్లో పోస్టుమాను సైకిల్ మీద నించి వాన్లో పడతాడంట. ఉత్తరాలు తడవకుండా సంచీ మీద బోర్లా పడుకుంటాడంట. ఆ పుస్తకం కావాల మేడం."

"పేరేంటండీ?"

"పేరు బాబాయ్ చెప్పలా."

"రాసినవాళ్ళు?"

"అదీ చెప్పలా. నాది నైట్ డ్యూటీ. నీకు అదే పనికొస్తది, పొయ్యి తెచ్చుకో అన్నాడు."

నవ్వొచ్చింది. అయినా వెళ్ళి రెండో బీరువా తెరిచాను. కింది అరలో నీలం అట్ట పుస్తకం ఉంది. కొండప్రాంతంలో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి రాసుకున్నది. నేనే దాన్ని జీవిత చరిత్రల్లో సర్దాను. తెరిస్తే వాన పేజీ దగ్గరే తెరుచుకుంది. పోస్టుమాను బోర్లా పడుకునే ఉన్నాడు. పేజీ కిరసనాయిలు వాసన వేస్తోంది. నా బీరువాలో ఏ పుస్తకంలో ఎవరు పడ్డారో నాకన్నా బాగా తెలిసిన ఈ బాబాయ్ ఎవరో చూద్దామని ఆ సాయంత్రమే బయల్దేరాను.

నిజం చెప్పాలంటే కాస్త ఉడుకుమోత్తనంతోనే వెళ్ళాను. షెడ్డు ముందు గాలి కొట్టే పంపు, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, చైన్లు కడిగే కిరసనాయిలు డబ్బా, దూలానికి వేలాడే పాత టైర్లు. ఒక పక్క చెక్క బల్ల. బల్ల పైన మేకుకి సిమెంటు గోతాంతో కుట్టిన సంచీ ఒకటి వేలాడుతోంది. బాబాయ్ తలెత్తి నా స్కూటీని చూశాడు.

"దీనికైతే గాలి కొడతా. పుస్తకం రాదు దీనికి. పుస్తకం సైకిల్ మీదొచ్చినోళ్ళకే."

"నేను లైబ్రేరియన్‌నండీ" అన్నాను, కలెక్టర్ని అన్నంత గట్టిగా.

"అయితే ఇంకేంది. కూసో" అని సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టాడు. మధ్యలో గుర్తుకి పాత స్పోకు ఒకటి పెట్టి ఉంది. "ఆడ నించి చదువు. ఇక్కడ కూసున్నోడు చదవాల."

అది ఆ షాపు కట్టుబాటు. సైకిల్ ఇచ్చి, అది బాగయ్యేదాకా బల్ల మీద కూర్చునే మనిషి ఊరికే కూర్చోకూడదు. స్పోకు ఉన్న పేజీ నుంచి అందరికీ వినపడేలా చదవాలి. సైకిల్ పని అయిపోతే ఆగిన చోట స్పోకు పెట్టి పోవాలి. తర్వాత వచ్చినవాళ్ళు అక్కడ నుంచి అందుకోవాలి. పుస్తకాలు ఎక్కువగా మా లైబ్రరీవే, అక్కడికొచ్చేవాళ్ళు తమ కార్డుల మీద తెచ్చి పెట్టినవి. బాబాయ్ సాయిబే. ఉర్దూ చదవడం కొద్దిగా వచ్చు, తెలుగు అక్షరాలు రావు. ఆ సంగతి దాచేవాడూ కాదు, దానికి బాధపడేవాడూ కాదు. "నాకు రాకపోతే ఏమైంది, ఊరికంతా వచ్చు గదా" అనేవాడు.

ఆరోజు నేను చదువుతుంటే ఆయన ఒక చక్రానికి బెండు తీస్తున్నాడు. చక్రాన్ని తిప్పి, రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో బొటనవేలి గోరు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి రెండో చెయ్యి పైకెత్తాడు. నేను ఆగాను.

"తప్పు చదివానా?"

"నువ్వు గాదు. రిమ్ము తగిలింది." అక్కడ స్పోకు బిగించి మళ్ళీ తిప్పాడు. "కానీయ్."

రెండు పేజీలయ్యాక మళ్ళీ చెయ్యెత్తాడు.

"రిమ్మా?"

"ఈసారి రిమ్ము గాదు, రాసినాయన. పొద్దున్నించీ ఘాటు రోడ్డు ఎక్కతన్నానంటాడు. గాలి ఎటు నించి వస్తందో చెప్పలా. నువ్వేమన్నా వదిలేశావా?"

మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. నేనేమీ వదల్లేదు. పూలు ఉన్నాయి, మబ్బులు ఉన్నాయి, దారిలో కనిపించిన పిల్లల నవ్వులున్నాయి. గాలి లేదు.

"సైకిల్ తొక్కినోడు పెళ్ళాం పేరన్నా మర్చిపోతాడు గానీ గాలి సంగతి మర్చిపోడమ్మాయ్. ఈయన జీపులో పోయినాడు. పక్కనబెట్టు" అన్నాడు.

ఆ వారమంతా మా బీరువాల్లో ఉన్న ప్రయాణ పుస్తకాలు తిరగేశాను. ఫోటోలు దండిగా ఉన్న రెండింట్లో గాలి ఊసే లేదు. ఆ రెండూ అప్పటిదాకా నేను వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో పెట్టినవి. సిగ్గేసింది. నాకు లైబ్రరీ సైన్సులో పట్టా ఉంది, అందులో ఈ పాఠం మాత్రం లేదు.

తర్వాత తమ్ముడి పాత సైకిల్ అటక మీద నుంచి దింపించి, నెలకి రెండుసార్లన్నా ఏదో ఒక వంక పెట్టి ఆ బల్ల మీదికి వెళ్ళడం అలవాటైంది. బ్రేకు కట్టలు అరక్కపోయినా అరిగాయనేదాన్ని. ఆయనకి తెలుసు. మాట్లాడకుండా పుస్తకం అందించేవాడు.

ఒక పుస్తకం ఆ షాపులో పూర్తవడానికి నెలలు పట్టేది. ఎన్ని గొంతులు మారేవో. పాలాయన ఒక పేజీ, ఇంటర్ పిల్ల నాలుగు పేజీలు, మిర్చి కమీషన్ వ్యాపారి రెండు. అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళని కూడా వదిలేవాడు కాదు. "నిదానంగా చదువు. ఎత్తు ఎక్కేటప్పుడు నేను మాత్రం దూకుతానా" అనేవాడు. తర్వాత ఎప్పుడైనా ఆ కథ చెప్పాల్సి వస్తే ఆ గొంతుల్లోనే చెప్పేవాడు. ఎడారిలో చైను తెగిన మనిషి బాబాయ్ నోట్లో మిర్చి వ్యాపారిలా ఆయాసపడుతూ మాట్లాడేవాడు. రెండేళ్ళ కిందట విన్న పుస్తకంలో ఫలానా ఊరి దగ్గర ఎవరు మంచినీళ్ళిచ్చారో కూడా చెప్పేవాడు. నేను చదివి, నోట్సు రాసుకుని, మర్చిపోయినవి ఆయన విని గుర్తుపెట్టుకున్నాడు. ఆ జ్ఞాపకశక్తి చూసి నోరు తెరుచుకుని కూర్చున్న రోజులు ఎన్నో ఉన్నాయి.

అయినా నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది అది కాదు. ఎవరికి ఏ పుస్తకం చెప్పాలో ఆయనకి తెలియడం. ఎవరైనా "మంచి పుస్తకం చెప్పు బాబాయ్" అంటే పుస్తకం గురించి మాట్లాడేవాడు కాదు. "ఎవురికి? ఎందాక తొక్కుతాడు?" అని అడిగేవాడు. బడి దాకానా, పొలం దాకానా, కోటప్పకొండ దాకానా, తేలాక అప్పుడు సంచీలో చెయ్యి పెట్టేవాడు. మిర్చి వ్యాపారికి షుగరొచ్చి, రోజూ సైకిల్ తొక్కమని డాక్టరు చెబితే, దేశమంతా చుట్టిరావాలని బయల్దేరి మూడోరోజే సీటు పుండు పడి ఇంటికొచ్చేసిన ఒకాయన పుస్తకం ఇచ్చాడు. "మూడు రోజులకి తిరిగొచ్చేస్తే దాన్నెందుకు చదవడం?" అన్నాను నేను. "ఈయన కూడా మూడోరోజే మానేస్తాడు. మానేసినోళ్ళు ఇంకా ఉన్నారని తెలిస్తే సిగ్గుపడకుండా నాలుగోరోజు మళ్ళీ ఎక్కతాడు" అన్నాడు. వ్యాపారి మళ్ళీ ఎక్కాడు. ఆస్తి గొడవలో మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరికీ, ఇద్దరూ కలిసి తొక్కే సైకిల్ మీద ఊళ్ళు తిరిగిన జంట రాసిన పుస్తకం ఒకటే ఇచ్చాడు. పెద్దాయన సగం చదివాక బాబాయే స్పోకు పెట్టించి చిన్నాయనకి పంపాడు. వాళ్ళు కలిశారని చెప్పను. మిగతా సగంలో ఏముందో అడగడానికి మాత్రం పెద్దాయన తమ్ముడి గుమ్మం తొక్కాడు.

తన గురించి అడిగితే మాట తప్పించేవాడు. ఒక్కసారి మాత్రం వయసులో ఉన్నప్పుడు ఎత్తిపోతల దాకా సైకిల్ మీద వెళ్ళొచ్చానని చెప్పాడు. "జలపాతం ఎలా ఉంది బాబాయ్?" అన్నాను. "నీళ్ళు పడతన్నాయి" అన్నాడు. ఆ తర్వాత అరగంట సేపు మాచర్ల దాటాక గాలి ఎలా తిరిగిందో చెప్పాడు.

ఇంక కోటయ్య సంగతి.

కోటయ్య పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. రాయి జారి ఎడమకాలు మీద పడింది. మోకాలి పైదాకా తీసేశారు. భార్య అంజమ్మ, పుట్టింటివాళ్ళు దగ్గరుంటారని, మనిషిని పేటకి తీసుకొచ్చి గేటుకి ఇవతల సందులో ఇల్లు తీసుకుంది. ఆమె మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పోయేది. కోటయ్య వసారాలో కూర్చునేవాడు. ఆస్పత్రివాళ్ళిచ్చిన పెట్టుడు కాలుని మూలన నిలబెట్టి దానికి చొక్కా తగిలించాడు.

ఒకరోజు నేను బల్ల మీద చదువుతుండగా అంజమ్మ కోటయ్య సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది.

"దీన్ని ఎవురికన్నా అమ్మేయ్ బాబాయ్. వసారాలో ఉంటే పొద్దస్తమానం దాన్నే చూస్తా కూసుంటన్నాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటంది. నోరు తెరిచి నెలయింది. నాకు భయమేస్తంది."

బాబాయ్ సైకిల్‌ని పైనుంచి కిందికి చూశాడు. దుమ్ము లేదు. రోజూ ఎవరో తుడుస్తున్నట్టే ఉంది.

"ఎవురు తుడుస్తన్నారు?"

"ఇంకెవురు. ఆయనే. కూసునే తుడుస్తాడు."

"వారం ఆగు. ఆయనకి చదువొచ్చా?"

"ఏడో తరగతి."

"చాలు" అన్నాడు బాబాయ్. అంజమ్మ సైకిల్ వదిలేసి వెళ్ళింది. అమ్మేస్తే కోటయ్య ఇంక ఆ వసారాలోంచి లేవడని ఆయనకి అప్పుడే అర్థమైంది. నాకు కాలేదు.

మర్నాడు లైబ్రరీకి వచ్చాడు. లోపలికి రాలేదు. కాళ్ళకి గ్రీజుందని గడప అవతలే నిలబడ్డాడు. "కాలు పోయినోడికి నువ్వైతే ఏ పుస్తకం ఇస్తావమ్మాయ్?" అన్నాడు.

ఆయన నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. గర్వంతో నాకు ఊపిరాడలేదు. పరుగున వెళ్ళి ఒక పుస్తకం తెచ్చాను. ప్రమాదంలో కాలు పోయిన ఒక విదేశీయుడు పట్టుదలతో సైకిల్ ఎక్కి, పోటీల్లో గెలిచిన కథ. అట్ట మీద మెడలో పతకంతో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న ఫోటో. బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాలి ఉందా దీంట్లో?"

"ధైర్యం ఉంది బాబాయ్" అన్నాను.

ఆయన ఇంకేమీ అనకుండా తీసుకుపోయాడు. నా మాట కాదనలేక తీసుకుపోయాడని తర్వాత తెలిసింది.

నాలుగోరోజు అంజమ్మ ఆ పుస్తకం పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. అట్ట చిరిగి ఉంది, పేజీలు తడిసి ఉబ్బి ఉన్నాయి. "కిటికీలోంచి ఇసిరేశాడు మేడంగారూ, కాలవలో పడ్డది. కడిగి ఎండబెట్టా. ఆ బొమ్మ చూసినకాడి నించీ గోడవైపు తిరిగి పండుకున్నాడు. రెండ్రోజులు మంచినీళ్ళు గూడా ముట్టలా" అంది. నన్ను తిడితే బాగుండేది. తిట్టలేదు, పుస్తకం పాడయిందని క్షమాపణ చెప్పింది.

తిన్నగా షెడ్డుకి వెళ్ళాను. బాబాయ్ ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"అది మంచి పుస్తకమే కదా బాబాయ్" అన్నాను.

"మంచిదే. కానీ దాన్నిండా కాలే ఉందమ్మాయ్. సైకిలేది?"

ట్యూబుని తొట్టిలోంచి తీసి గుడ్డతో తుడిచాడు.

"ఆ దొర గెలిచి నవ్వతన్నాడు. కోటయ్య ఇంకా మంచం దిగలా. ఆకలితో ఉన్నోడికి పక్కింటి పెళ్ళి భోజనం సంగతి చెప్తే ఏమైతది? ఎందాక తొక్కుతావని అడిగించావా నువ్వు?"

"కాలు లేని మనిషిని ఆ మాట ఎలా అడుగుతాం?"

"అట్టాంటోణ్ణే అడగాల. నేను అంజమ్మతో అడిగించా. మూడురోజులు పలకలా. నిన్న చెప్పాడంట, గేటు దాకా అని. గేటుకాడ టీ తాగి రావాలని ఉందంట. గేటు దాకా పొయ్యేవోడికి పతకాల పుస్తకం ఎందుకు?"

అని సంచీ అడుగు నుంచి ఒక పలచటి పుస్తకం తీశాడు. నలభై పేజీలుంటాయేమో. పిన్నులు తుప్పు పట్టాయి. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఎవరో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నది. బళ్ళలో స్లో సైకిల్ పందెం ఆడిస్తారు కదా, కాలు కింద పెట్టకుండా అందరికన్నా ఆఖరున వచ్చినవాడు గెలిచే పందెం. దాన్ని ఎలా గెలవాలో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా రాశాడాయన. ఎలా ముందుకి పోవాలో ఒక్క ముక్క లేదు. అలాంటి పుస్తకం ఒకటుందని నాకు తెలియదు. మా ఏ బీరువాలోనూ లేదు.

మరుసటి ఆదివారం అంజమ్మ, ఆమె అన్న కలిసి కోటయ్యని ఆటోలో తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. నేను తొట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కోటయ్య ఎవరి మొహమూ చూడలేదు. బాబాయ్ ఆయన సైకిల్‌నే తిరగేసి పెట్టి, చక్రం తిప్పుతూ, స్పోకు పెట్టిన పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాడు.

"నాకెందుకిది?" అన్నాడు కోటయ్య. నెల తర్వాత బయటివాళ్ళతో ఆయన ఆడిన మొదటి మాట అది.

"నీకు గాదు, నాకు. ఇక్కడ కూసున్నోడు చదవాల. నీ సైకిల్ పనే చేస్తన్నా."

పని తన సైకిల్‌దే కాబట్టి కాదనలేకపోయాడు. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. చదునైన నేల మీద సైకిల్ నిలబెట్టడం కష్టం, కాస్త ఎత్తు వైపు మొహం పెడితే సులువు. ఎత్తు నిన్ను వెనక్కి తోస్తుంది, నువ్వు పెడలుతో దాన్ని ముందుకి తొయ్యి, రెండూ సమానమైన చోట సైకిల్ నిలబడుతుంది. మాస్టారు అలా రాశాడు. తర్వాత ఒక పందెం కథ. ఒక కుర్రాడు ఎంత నిదానంగా వచ్చాడంటే, వాడు గీత దాటేసరికి పెద్దమనుషులు బహుమతి కుర్చీ మీద పెట్టేసి భోజనాలకి పోయారట. అక్కడ కోటయ్యకి నవ్వొచ్చింది. దాచుకోబోయాడు, ఆగలేదు. షెడ్డు బయట నిలబడ్డ అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

కోటయ్య చాలాసేపు ఆ పేజీ మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఒంటికాలితో నిలబెట్టొచ్చా బాబాయ్?"

బాబాయ్ చక్రం ఆపలేదు. "కాళ్ళెన్ని ఉండాలో ఆయన రాశాడా? చూడు."

కోటయ్య చూశాడు. మొదటి పేజీ నుంచి వెతికాడు. నేనూ ఆ తర్వాత వెతికాను. చూపు ఎక్కడ ఉండాలో రాశాడు, ఊపిరి ఎలా తీయాలో రాశాడు, ముందున్న పాదం పెడలుని ఎలా నొక్కాలో రాశాడు. కాళ్ళు రెండుండాలని ఎక్కడా రాయలేదు.

"రాయలా" అన్నాడు కోటయ్య.

"రాయలా గదా" అన్నాడు బాబాయ్. అన్ని వేల పుస్తకాల మధ్య జీవితం గడిపాను. ఒక పుస్తకం ఒక మనిషిని లేపి కూర్చోబెట్టడం నా కళ్ళతో చూసింది ఆ రోజే. దాన్ని ఎంచినవాడికి అందులో ఒక్క అక్షరం కూడా చదవడం రాదు.

ఆ వారం బాబాయ్ ఎడమవైపు పెడలు పీకేసి, అది ఉండే ఇనుప కాడకి, క్రాంకుకి, ఇనుపముక్క బరువుగా బిగించాడు. కుడికాలు కిందికి వెళ్ళి ఆగిపోయినప్పుడు అటువైపు బరువు దిగి దీన్ని పైకి లేపుతుంది. కుడి పెడలుకి పాత ట్యూబు ముక్కతో పట్టీ వేశాడు, పాదం జారకుండా. గేటు దగ్గర రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. తెల్లారగానే అక్కడ కోటయ్య గోడ పట్టుకుని ఎక్కేవాడు, పడేవాడు. ఎన్నిసార్లు పడ్డాడో లెక్కలేదు. బాబాయ్ ఒక్కసారి కూడా సీటు పట్టుకోలేదు. ఒకరోజు నేను పట్టుకోబోతే చెయ్యెత్తాడు, రిమ్ము తగిలినప్పుడు ఎత్తినట్టే.

చలికాలం వచ్చేసరికి కోటయ్య గేటు దాకా వెళ్ళి టీ తాగి వచ్చాడు. ఆ తర్వాత సందులోనే మిర్చి గోడౌన్లో కాపలా పని దొరికింది. రోజూ సైకిల్ మీద గేటు దాకా వచ్చేవాడు, బల్ల మీద కూర్చుని రెండు పేజీలు చదివేవాడు, వెనక్కి తిరిగేవాడు. గేటు మాత్రం దాటేవాడు కాదు. గేటు అవతల లారీలు తిరిగే రోడ్డు, పిడుగురాళ్ల పోయే రోడ్డు. ఏళ్ళు గడిచినా అంతే. "ఇంకొంచెం ముందుకి పొమ్మని చెప్పొచ్చు కదా బాబాయ్" అన్నాను ఒకసారి. "గేటు దాకా అన్నాడు, గేటు దాకా పోతన్నాడు. మాట మీదే ఉన్నాడు గదా" అన్నాడు. నేనిచ్చిన పుస్తకాన్ని కోటయ్య తర్వాత ఎప్పుడో తనే అడిగి తీసుకుపోయి చదివాడు. అతుకులేసిన అట్ట మీద చెయ్యేసి "పర్లేదు మేడంగారూ. గాలి మాత్రం చెప్పలా" అన్నాడు.

పోయిన వేసవిలో, ఒక పొద్దున ఏడింటికి, బాబాయ్ నిద్రలోనే పోయాడని కబురొచ్చింది. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారన్నారు. నేనూ అంజమ్మా వెళ్ళి మూసిన షెడ్డు ముందు, రేకుల నీడలో నిలబడ్డాం. వాళ్ళ శ్మశానం, ఖబరస్తాను, రైల్వే గేటు అవతల, ఆ లారీల రోడ్డు మీదే ఉంది.

జనాజా వచ్చింది, బాబాయ్‌ని పడుకోబెట్టిన పాడె. భుజాలు మారుతున్నాయి. సాయిబులతో పాటు కానిస్టేబులు, మిర్చి వ్యాపారి, పాలాయన, ఆ బల్ల మీద కూర్చుని చదివినవాళ్ళంతా నడుస్తున్నారు. సైకిళ్ళున్నవాళ్ళు ఎక్కకుండా చేత్తో నడిపించుకుంటూ వస్తున్నారు. అందరికన్నా వెనక కోటయ్య ఒక్కడే సైకిల్ మీద వస్తున్నాడు. ఆటో తెస్తామంటే వద్దన్నాడట. కర్రలతో నడిస్తే ఆ నడకని అందుకోలేడు. అందుకని తొక్కుతున్నాడు, మనుషుల నడకంత నిదానంగా.

సరిగ్గా అప్పుడే గేటు పడింది. సిమెంటు గూడ్సు వస్తోంది. జనాజాని భుజాల మీదే ఉంచుకుని అందరూ ఎత్తు మీద ఆగిపోయారు. కోటయ్య కూడా ఆగాలి. కాలు దింపితే మళ్ళీ గోడో మనిషో ఆసరా లేకుండా ఎక్కలేడు. నడిరోడ్డు మీద గోడ లేదు, మనుషులందరి చేతులూ జనాజా మీదో సైకిళ్ళ మీదో ఉన్నాయి. కాలు దింపితే జనాజా వెళ్ళిపోతుంది, ఆయన ఇవతలే ఉండిపోతాడు. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. అంజమ్మ నా చెయ్యి పట్టుకుంది.

కోటయ్య కాలు దింపలేదు. ముందుచక్రాన్ని కాస్త పక్కకి తిప్పి, ఎత్తు వైపు మొహం పెట్టి, పెడలు మీద పాదం నొక్కి నిలబెట్టాడు. సైకిల్ ఒక జానెడు వెనక్కి పోయేది, ఒక జానెడు ముందుకి వచ్చేది. పెట్టె తర్వాత పెట్టె, గూడ్సు పోతూనే ఉంది. పక్కన నిలబడ్డ కానిస్టేబులు తన సైకిల్ మీది నుంచి ఒక చెయ్యి తీసి కోటయ్య సీటు పట్టుకోబోయి, ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోటయ్య చొక్కా మొత్తం తడిసిపోయింది. అంత ఏకాగ్రతతో నిలబడ్డ మనిషిని నేను గుళ్ళోనూ చూడలేదు, మసీదు ముందూ చూడలేదు. దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక ఊరుకున్నాను.

గేటు లేచింది. జనాజా కదిలింది, నడుస్తున్నవాళ్ళు కదిలారు. కోటయ్య రోజూ వెనక్కి తిరిగే చోటు అదే. ముందుచక్రం పట్టాల మీద ఎగిరిపడింది, హ్యాండిలు వంకరపోయింది, సర్దుకుంది.

"గేటు దాటాడు మేడంగారూ" అంది అంజమ్మ.

అందరికన్నా ఆఖరున, కాలు కింద పెట్టకుండా, కోటయ్య పిడుగురాళ్ల రోడ్డెక్కాడు. ఆ పూట గాలి పడమటి నుంచి వీస్తోంది, వడగాలి, కోటయ్యకి సరిగ్గా ఎదురుగా. ఆ ముక్క రాయకపోతే బాబాయ్ చెయ్యెత్తుతాడు.